"కాంచన" చిత్రమును గూర్చి మనవారి యభిప్రాయములు

రాఘవ లారెన్సు స్వయముగా కథ వ్రాసి, నిర్మించి, దర్శకత్వము వహించి, తానే నాయకుడుగా నటించిన "కాంచన" యను చలనచిత్రము 2011వ సంవత్సరమున తమిళ తెలుగు భాషలలో వెలువడినది. ఇది 2007లో వచ్చిన "ముని" చిత్రమునకు రెండవ భాగము. ఇదే కథ 2012లో "కల్పన" యను పేర కన్నడమునను, 2020లో "లక్ష్మీ" యను పేర హిందీలోను మరల తీయబడినది. బళ్ళారి నివాసులమైన మనకు ఇంట తెలుగు, కచేరీలో కన్నడము, బజారున ఉర్దూ కలిసిన హిందీ వాడుకలో నున్నవి గదా! కావున ఒకే దయ్యమును మూడు భాషలలో చూచి, మూడు భాషలలో వాదించుకొను భాగ్యము మన సంఘ సభ్యులకు లభించినది. ఆ వాదములలో మేము విన్నవానిని, వానిపై మాకు తోచిన మాటలను ఈ సంచికకు వ్రాయ సాహసించుచున్నాము. మేము సాహిత్యమున పట్టము పుచ్చుకొన్నవారము కాము. మెట్రిక్యులేషనుతో చదువు నిలిచి, ముప్పదియైదేండ్లు దస్తావేజులు నకలు వ్రాసి విశ్రాంతి పొందిన గుమాస్తాలము. అయినను టిక్కెట్టు కొని చిత్రము చూచినవాడు తన యభిప్రాయము చెప్పుకొనుటకు పరీక్ష ప్యాసు కానక్కఱలేదని మా నమ్మకము.

"దయ్యపు సినిమాకు విమర్శ యేల?" యని మాతో ఒక పెద్దలు అడిగిరి. సంస్కృత నాటకమునకో, ప్రబంధమునకో వ్యాఖ్య వ్రాయుము, ఇట్టివానికి కాగితము దండుగ యని వారి భావము. మేమందుకు సమ్మతింపజాలము. తెలుగు చిత్రములలో భూతప్రేతములకు ఆసనము వేసి కూర్చుండబెట్టిన విఠలాచార్యులవారు ఉడిపి ప్రాంతమువారు. మొదట కన్నడ చిత్రములు తీసి, పిమ్మట తెలుగువారికి "జానపద బ్రహ్మ" యైరి. 1978లో వచ్చిన వారి "జగన్మోహిని"లో దయ్యము తన కాళ్ళనే పొయ్యిలో కట్టెలుగా పెట్టి వంట చేసిన ఘట్టమును మన తరమువారిలో మఱచినవారెవరు? ఖర్చు పొదుపుగా చేయుటయందు ఆయన ప్రసిద్ధుడు. ఒక పొయ్యి, ఒక చీర, రెండు కృత్రిమపు కాళ్ళు: ఇంతే సామగ్రి. నలువది యేండ్లు దాటినను ఆ దృశ్యము చెప్పుకొనుచున్నారు. అంతకు నూరు రెట్లు ఖర్చు పెట్టి కట్టిన రాజదర్బారులు ఎన్నియో ఎవరికిని జ్ఞాపకము లేవు. కాబట్టి తక్కువ పెట్టుబడి చిత్రములను తక్కువ చూపు చూచుట న్యాయము కాదు. జనము ఏమి చూచి జడిసినారో, ఏమి చూచి నవ్వినారో తెలిసికొన్నచో ఆ జనమును గూర్చి కొంత తెలియును.

ఇక కథకు వత్తము. "ముని"లో ఒక పిఱికివాడు, వాని తల్లిదండ్రులు, కొత్తగా చేరిన యిల్లు. గుడిసెవాసులకు ఇండ్లిప్పింతునని వాగ్దానము చేసిన రాజకీయ నాయకుని నమ్మి, తనవారిచేత ఓట్లు వేయించి, తుదకు వానిచేతనే చంపబడిన మునియాండి యను పెద్దమనిషి యాత్మ ఈ పిఱికివాని నావేశించి పగ తీర్చుకొనును. రాజ్‌కిరణ్ ఆ పాత్రను గంభీరముగా పోషించెను. "కాంచన"లో ఆ కథ కొనసాగదు. పిఱికివాడు మరల పిఱికివాడే. తల్లిగా కోవై సరళ మరల తల్లియే. కాని వారు వేఱు కుటుంబము, వేఱు దయ్యము. అచ్చు ఒక్కటే, పోసిన లోహము వేఱు. దీనినిబట్టి మన కూటములలో మొదటి తగవు పుట్టినది. "రెండవ భాగమనగా మొదటి దాని తరువాయి కథ యుండవలెను గాని, అదే కథను పేర్లు మార్చి చెప్పుట మోసము గదా?" యని కొందఱనిరి. అట్లన్నవారు 2010లో వచ్చిన "నాగవల్లి"ని, కన్నడమున విష్ణువర్ధనుని కడపటి చిత్రమైన "ఆప్తరక్షక"ను ఉదాహరించిరి. అందు పాత కథ కొసను పట్టుకొని ముందుకు సాగిరి గదా యని వారి వాదము.

మా యభిప్రాయము దీనికి భిన్నము. హరికథకుడు నేడు ఒక కథ, రేపు మరియొక కథ చెప్పును. కాని చిడత యదే, గజ్జె యదే, నడుమ వచ్చు పిట్టకథల తీరు అదే. విన్నవాడు మోసపోతినని యనడు. ప్రేక్షకుడు రెండవసారి టిక్కెట్టు కొన్నది మునియాండి కొఱకు కాదు. చీకటి పడగానే తల్లి చంక నెక్కు ఆ పెద్దకొడుకు కొఱకు. ఆ సంగతి లారెన్సునకు తెలియును. గుంపులో నర్తకుడుగా ప్రారంభించి, నృత్యదర్శకుడై, తెలుగున "మాస్", "స్టైల్" వంటి చిత్రములకు దర్శకుడైన ఆయన, జనము దేనికి చప్పట్లు కొట్టునో వేదికపై నిలిచి నేర్చుకొన్నవాడు.

"కాంచన" పూర్వార్ధమును గూర్చి ఆడువారి యభిప్రాయము ఒకటి, మగవారి యభిప్రాయము మరియొకటిగా నుండుట మేము గమనించితిమి. నాయకుడు రాత్రివేళ మూత్రవిసర్జనకైనను తల్లిని తోడు పిలుచును. శబ్దమైనచో ఎగిరి తల్లి నడుము మీదనో, వదినె నడుము మీదనో ఎక్కి కూర్చుండును. మగవారిలో పలువురు దీనిని వెగటనిరి. "ఎదిగిన మగవాడు వదినె చంక నెక్కుట యేమి మర్యాద?" యని ఒక విశ్రాంత ఉపాధ్యాయులు చిత్రమును సగములో విడిచి లేచివచ్చిరట. మా వీథిలో కుట్టుపని చేసికొను ఒక యిల్లాలు మాత్రము వేఱు మాట చెప్పినది: "మీరంతా పగటిపూట మీసం తిప్పుతారు గదన్నా, రాత్రి కరెంటు పోతే ఎవరిని పిలుస్తారో మాకు తెలీదా? వాడు దాచుకోలేదు, అంతే." మాకీ మాట నచ్చినది. ఆ హాస్యమున మోటుదనము మిక్కుటమే. రెండు మూడు చోట్ల అది హద్దు దాటినది కూడ. కాని అందలి సత్యమును ఆమె పట్టినట్లు ఉపాధ్యాయులు పట్టలేదు. కోవై సరళ, దేవదర్శిని యను అత్తాకోడండ్ర జంట నడుపు దయ్యపు పరీక్షల ఘట్టము, ఇంట దయ్యమున్నదో లేదో నిశ్చయించుకొన చేయు తంతు, మన పల్లెలలో నేటికిని జరుగు తంతులకు మిక్కిలి దగ్గఱ. నవ్వుచునే భయపడుట, భయపడుచునే నవ్వుట యను రెండును ఒకే నిమిషమున జరుగుట సులభసాధ్యము కాదు. ఒక యిల్లు, అయిదుగురు మనుష్యులు, తమను గారి వాద్యఘోష: ఇంతటితో సాధించిన పని యది. వాద్యఘోష మాత్రము చెవులు దిబ్బెళ్ళు పడునంత యున్నదని అందఱును ఒప్పుకొనిరి. ఈ యొక్క విషయమున వాదము లేదు.

తరువాతి యభిప్రాయము మూఢనమ్మకమునకు సంబంధించినది. దయ్యము, ఆవేశము, మంత్రగాడు, తాయెత్తు: ఇవియన్నియు చూపి ప్రజలను వెనుకకు ఈడ్చుచున్నారని మన సభ్యులలో చదువుకొన్న యువకులు ఆక్షేపించిరి. మహారాష్ట్రమున 2013లోను, మన కర్ణాటకమున 2017లోను క్షుద్రవిద్యలకు, అమానుషాచారములకు వ్యతిరేకముగా శాసనములు వచ్చిన కాలమున ఇట్టి చిత్రము లేలయని వారి ప్రశ్న. ప్రశ్న గట్టిదే. మేము దీనికి పూర్తి సమాధానము చెప్పజాలము. అయినను ఒకటి చెప్పుదుము. ఈ చిత్రమున దయ్యము ఎవరిని పట్టినదో వానికి హాని చేయలేదు. హాని చేసినది బ్రతికియున్న శాసనసభ్యుడు. చేతబడి చేసిరని ఒక ముసలమ్మపై రాళ్ళు వేయు ఊరికిని, ఈ చిత్రము చెప్పు నీతికిని సంబంధము లేదు. పైగా దయ్యమును పట్టి మాటలాడించువాడు ముసల్మాను పెద్ద. బాధితురాలికి ఆశ్రయమిచ్చినవాడును ముసల్మానే. తుదకు పగ తీరునది హిందువుల యాలయమున. ఇంత కలగలుపు మన బళ్ళారి వారికి వింత కాదు. ఉరుసునకును రథోత్సవమునకును ఒకే బండిలో పోవు కుటుంబములు మన ఊర నెన్ని లేవు!

ఇంతవఱకు చెప్పినది ఉప్పు కారములను గూర్చి. చిత్రమునకు అన్నము వంటిది ద్వితీయార్ధమున గలదు. నాయకుని పట్టిన ఆత్మలు మూడు. వానిలో ప్రధానమైనది కాంచన యను హిజ్రాది. మగబిడ్డగా పుట్టి, ఆడుదానిగా మెలగినందులకు తల్లిదండ్రులు ఇంటినుండి వెడలగొట్టగా, ఒక ముసల్మాను ఆమెను చేరదీయును. ఆయనకు మతి యెదగని కొడుకొకడు. కాంచన తన వంటిదే యైన మరియొక పిల్లను చేరదీసి, కష్టించి చదివించి, వైద్యురాలిని చేయును. పేదలకు ఆసుపత్రి కట్టవలెనని స్థలము కొనును. ఆ స్థలము శాసనసభ్యుని కంట బడును. కాంచనను, ఆ ముసల్మానును, ఆ పిల్లవానిని చంపి, ఆమె స్థలముననే పూడ్చిపెట్టుదురు. ఆ పూడ్చిన నేలలో క్రికెట్టు గుంజలు పాతి, నెత్తురంటిన గుంజలను మన పిఱికివాడు తెలియక ఇంటికి తెచ్చుకొనును. దయ్యము ఇల్లు చేరిన మార్గమిది.

మేము ముప్పదియైదేండ్లు భూమి కాగితములతో కాలము గడపినవారము గనుక ఒక మాట మనవి చేయుదుము. "ముని"లో గుడిసెలవారి ఇండ్ల స్థలములు. "కాంచన"లో ఆసుపత్రి స్థలము. రెండింటను దయ్యమునకు మూలము నేల. శ్మశానములో పుట్టిన దయ్యములు కావు ఇవి, కబ్జాలో పుట్టినవి. మన సభ్యులలో ఒకరు నవ్వుచు, "చచ్చినవారందఱు లేచి తమ స్థలము లడిగినచో రిజిస్ట్రారు కచేరీలు చాలవు" అనిరి. నవ్వులాటకే అనినను, ఈ చిత్రమును పల్లెలవారు అంతగా ఆదరించుటకు కారణము అందున్నదని మాకు తోచినది. కోర్టులో నిలువని హక్కు, తాలూకా కచేరీలో చెల్లని అర్జీ, కనీసము దయ్యము చేతిలోనైన చెల్లినదను తృప్తి వారిది. ఇచ్చట నొక చిన్న విశేషము. కాంచనగా నటించిన శరత్‌కుమారు ("గ్యాంగ్ లీడర్"లో ఆయనను మనము చూచియున్నాము) 2011 మే నెలలో తమిళనాట తెన్‌కాశి నుండి శాసనసభకు ఎన్నికయ్యెను. అనగా శాసనసభ్యుని చేతిలో చచ్చు హిజ్రా వేషమును ధరించినవాడు, చిత్రము వెలువడునాటికి తానే శాసనసభ్యుడు!

శరత్‌కుమారు నటనను మెచ్చనివారు మాకు కనబడలేదు. కండలు తిరిగిన నటుడు, పోరాటములకు పేరుపడినవాడు, చీర కట్టి, బొట్టు పెట్టి, తల వంచుకొనక నిలిచినాడు. ఆ నిలుపు హాస్యమునకు కాదు. అంతకుముందు గంటకు పైగా హాలు నిండ నవ్విన జనము ఆ ఘట్టమున నిశ్శబ్దులైరని చూచినవారందఱు చెప్పిరి. మేమును అట్లే చూచితిమి. కాని చిక్కంతయు నిచ్చటనే యున్నది. ఏల నవ్విరి? కాంచన యాత్మ నాయకునిలో ప్రవేశించిన తొలి దినములలో వాడు పసుపు రాచుకొని స్నానమాడుటయు, గాజులు తొడుగుకొనుటయు, చీరల దుకాణమున చీర లేరుటయు చూపి నవ్వించిరి. పిమ్మట అదే చీరను కాంచన కట్టుకొనగా కంట నీరు పెట్టించిరి. "ముందు నవ్వించి, తరువాత ఆ నవ్విన నవ్వునకు సిగ్గుపడునట్లు చేసినాడు, ఇది దర్శకుని నేర్పు" అని కొందఱు. "రెండు విధముల లాభము పొందినాడు, నవ్వునకొక టిక్కెట్టు, ఏడ్పునకొక టిక్కెట్టు" అని మరికొందఱు. మేము చాలదినము లాలోచించి మొదటి పక్షమునకే కొంచెము మొగ్గుచున్నాము. ఏలయన, ఆ కాంచన చరిత్ర నంతయు విన్న నాయకుడు ఆత్మను వదలగొట్టించుకొనుటకు వీలుండియు దానిని తనలోనికి తానే మరల ఆహ్వానించును. అంతవఱకు చీర కట్టుట వానికి అవమానము. అటుపిమ్మట అది వాని నిర్ణయము. పిఱికివానికి ధైర్యము వచ్చినది మీసము వలన గాదు, చీర వలన. తక్కువ పెట్టుబడి దయ్యపు చిత్రమున ఇంతటి భావమును మేము ఎదురుచూడలేదు.

అయినను రెండవ పక్షమువారి మాటను త్రోసివేయరాదు. నవ్విన జనములో ఎందఱు సిగ్గుపడిరో లెక్క తీసినవారు లేరు. చిత్రము విడుదలైన పిమ్మట కొంతకాలము మన ఊరి బస్సు నిలుపు స్థలమున హిజ్రాలు కనబడినచో పోకిరి కుఱ్ఱలు "కాంచనా" యని కేక వేయుట మేము చెవులార వింటిమి. ఆ కేకలో గౌరవము లేదు.

కాలక్రమమును కూడ గమనింపవలెను. తమిళనాట హిజ్రాల సంక్షేమమునకు 2008లోనే ప్రభుత్వము ఒక మండలిని స్థాపించెను. "తిరునంగై" యను గౌరవ పదమును వాడుకలోనికి తెచ్చిరి. సుప్రీముకోర్టు వారిని మూడవ లింగముగా గుర్తించి తీర్పు చెప్పినది 2014 ఏప్రిలులో. అనగా "కాంచన" ఆ తీర్పునకు మూడేండ్లు ముందటిది. 2019లో పార్లమెంటు శాసనము చేసెను. 2021లో కర్ణాటక ప్రభుత్వము ఉద్యోగములలో వారికి నూటికి ఒకటి చొప్పున ప్రత్యేకించెను. చట్టము కంటె ముందు నడచిన చిత్రమని దీనిని పొగడువారు ఈ తేదీలనే చూపుదురు. సరియే. అయితే తమిళనాట గాలి అప్పటికే మారియుండెను. ఆ గాలిని పసిగట్టి తెరచాప ఎత్తినాడు దర్శకుడు. ఇది తక్కువ గొప్ప గాదు గాని, ఒంటరి సాహసమనుట సరి గాదు.

కన్నడ "కల్పన"ను గూర్చి మన ఊర అభిప్రాయములు చీలినవి. దానికి దర్శకుడు రామనారాయణన్, తక్కువ ఖర్చుతో పలు భాషలలో నూటికి పైగా చిత్రములు తీసిన దిట్ట. ఉపేంద్ర నాయకుడు, కాంచన స్థానమున సాయికుమారు. సాయికుమారనగా తెలుగువారికి గొంతు, కన్నడిగులకు "పోలీస్ స్టోరీ". ఆ ఖంగుమను కంఠముతో ఆ పాత్ర మాటలాడుచుండగా, "తెలుగులో విన్న దానికంటె ఇదే హృదయమును తాకినది" అని మన కన్నడ మిత్రులనిరి. మనవారు కొందఱు భాషాభిమానముచేత ఒప్పుకొనలేదు. మేము రెండును చూచితిమి. సంభాషణ పలుకుటలో సాయికుమారుదే పైచేయి, నిలుచుటలో శరత్‌కుమారుదే. ఉపేంద్ర మాత్రము పిఱికివాడుగా నమ్మదగినవాడుగా లేడు. ఎంత వణకినను లోన నవ్వుచున్నట్లుండును.

హిందీ "లక్ష్మీ" సంగతి క్లుప్తముగా ముగింతుము. కరోనా కాలమున 2020 నవంబరులో అది హాళ్ళకు రాక ఇంటి తెరపైకి వచ్చెను. పేరుపై కొందఱు ఆక్షేపింపగా ముందు పెట్టిన పేరు మార్చిరి. దర్శకుడు లారెన్సే. ధనమునకు కొదువ లేదు, అక్షయకుమారు వంటి పెద్ద నటుడున్నాడు. కాని నాయకుని పిఱికివానిగా గాక దయ్యములు లేవని వాదించు హేతువాదిగా మార్చిరి. దానితో తల్లి చంక పోయినది, మొదటి గంట నవ్వు పోయినది, చీర కట్టిన ధైర్యమునకు అర్థము పోయినది. ఒక్క స్క్రూ విప్పగా యంత్రము నిలిచినట్లయినది. శరద్ కేల్కరు కొద్దిసేపు కనబడిన ఘట్టము తప్ప మఱేదియు నిలువలేదని చూచిన మనవారి ఏకాభిప్రాయము. మాదియు నదే.

మూడవ భాగము 2015లో తెలుగున "గంగ" పేర వచ్చినది. నిత్యా మేనన్ వికలాంగురాలైన గంగగా మంచి నటన చూపినది. టెలివిజను వారు వీక్షకుల సంఖ్య పెంచుకొనుటకు కపట దయ్యమును సృష్టింపబోగా నిజమైన దయ్యము వచ్చుట యను ఎత్తుగడ చమత్కారమైనదే. కాని కేకలు హెచ్చినవి, వేషములు హెచ్చినవి, కథ తగ్గినది. 2019 నాటి నాలుగవ భాగమునకు వచ్చునప్పటికి హాస్యము స్త్రీల చుట్టు వెకిలిగా తిరుగుటయే మిగిలినది. ఉప్పు కారములు పెరిగి అన్నము తఱిగినది. ఈ రెండింటికిని ధనము బాగుగనే రాబట్టుకొన్నారని వినికిడి. అది వారి జమాఖర్చు, మాకు సంబంధింపదు.

ఇక మన ఊరి వాడుకతో ముడిపడిన ఒక అభిప్రాయము గలదు. అది మా మనస్సును ఎక్కువ కలవరపెట్టినది. కాంచన చేరదీసిన పిల్ల సంగతి యటుండ, కాంచన పాత్రకే ఒక హిజ్రా నేల ఎన్నుకొనలేదు? శరత్‌కుమారు, సాయికుమారు, శరద్ కేల్కరు, ముగ్గురును మగవారే గదా? ఈ ప్రశ్న మా యింట కళాశాలలో చదువు మనుమరాలు వేసినది. మా తోడివారిలో పెద్దలు దీనిని కొట్టివేసిరి. "నటుడు ఏ వేషమైన వేయవచ్చును. స్థానం నరసింహారావు సత్యభామగా ఆడలేదా? ఏ స్త్రీ ఆయనకు సాటి వచ్చెను? 1956లో పద్మశ్రీ యిచ్చినది అందుకు కాదా?" యని వారి వాదము. బలమైన వాదమే.

కాని ఈ మాటను బళ్ళారిలో కూర్చుండి అనుటకు ముందు మనము ఒకరిని తలచుకొనవలెను. ఈ ఊరు ధర్మవరం కృష్ణమాచార్యులవారి సరసవినోదిని సభకును, కోలాచలం శ్రీనివాసరావుగారి సుమనోరమ సభకును పుట్టినిల్లు. కృష్ణమాచార్యులవారి మేనల్లుడైన బళ్ళారి రాఘవ (1880–1946) స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టి, ఆ కాలమున కులస్త్రీలను రంగస్థలమునకు తెచ్చుటకై నిందలు పడెను. నాడును పెద్దలు ఇదే మాట యనియుందురు గదా: మగవాడు చక్కగా నటించుచుండగా ఆడుదేల? మగవాని నటనలో లోపమున్నదని రాఘవ వాదము కాదు. ఆ ద్వారము వారికి తెఱవవలెనని. నేడు కాంచన పాత్రను గూర్చి మా మనుమరాలు అడిగినదియు నదే. స్థానంవారి ప్రతిభ ఆ ప్రశ్నకు సమాధానము కాజాలదు.

పాత్రకు తగినవారు దొరకరను సాకును కూడ మన సీమలో చెప్ప వీలు లేదు. సవదత్తి యెల్లమ్మకు అర్పితులైన జోగప్పలు తరతరములుగా ఆడి పాడుచున్నారు. బళ్ళారి సీమకు చెందిన మంజమ్మ జోగతి జోగతి నృత్యమున ప్రసిద్ధి కెక్కి, 2019లో కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలై, 2021లో పద్మశ్రీ నందుకొన్నది. రాష్ట్రపతి ఎదుట నిలిచి, చీర కొంగుతో ఆయనకు దిష్టి తీసి, ఆపై బిరుదు స్వీకరించిన దృశ్యమును దేశమంతయు చూచినది. ఆ సంజ్ఞలో ఎంత ఠీవి, ఎంత హాస్యము, ఎంత ఆశీర్వాదము! ముగ్గురు నటులు నాలుగు భాషలలో అభినయింప యత్నించినది అదే గదా యని మాకు అప్పుడు తోచినది.

మా వీథికి మంగళ శుక్రవారములలో జోలె పట్టుకొని వచ్చు జోగమ్మ ఒకతె కలదు. ఆమె ఈ చిత్రమును తెలుగులో రెండుమార్లు చూచినదట. అభిప్రాయ మడిగితిమి. "బాగుండాది సామీ. ఆస్పత్రి కట్టించేది బాగుండాది. మా వాళ్ళంతా ఏడ్చినారు" అన్నది. ఇంకేమైన చెప్పుమనగా కొంచెము తడవు ఊరకుండి, "బతికున్నప్పుడు ఆయమ్మ ఒక్క మాటకైనా వాళ్ళను ఎదురు తిట్టి ఉంటే బాగుండు. సచ్చిపోతేగానీ కోపం రానియ్యలేదు సినిమావాళ్ళు" అన్నది. విఠలాచార్యుల నాటినుండి నేటి వఱకు దయ్యపు చిత్రములను చూచుచున్న మాకు ఈ లోపము కనబడియుండలేదు. తరచి చూడగా నిజమే. సజీవమైన కాంచన యందు ఓర్పు, కష్టము, దానము, కన్నీరు. కోపమంతయు శవమైన పిదపనే. మునియాండికిని అంతే, గంగకును అంతే. ఈ చిత్రమాలిక యంతటను పేదవానికి కోపించు హక్కు చావుతోనే వచ్చును. "మంచివాడు చచ్చి దయ్యమైన కథకు అది తప్పదు గదా" యని మన ఉపాధ్యాయులు అనిరి. తప్పదేమో. కాని జోగమ్మ అడిగిన ఆ యొక్క తిట్టు చిత్రములో నుండియున్నచో దయ్యమునకు మఱింత బలము వచ్చియుండెడిదని మేమనుకొందుము.

కడపటి ముచ్చట మన సంఘమును గూర్చినది. ప్రతి సంవత్సరము ఉగాది నాటకములో ఒక మగవాడు చీర కట్టి, చప్పట్లు చఱచుచు వేదికపైకి వచ్చి నవ్వించు అంకము వాడుకగా నున్నది. "కాంచన" చూచి కన్నీరు పెట్టినవారే ముందు వరుసలో కూర్చుండి దానికి నవ్వుచున్నారు. రాబోవు ఉగాదికి ఆ అంకము తీసివేసి, జోగతి నృత్యమునకు అరగంట కేటాయించి, వచ్చినవారికి తక్కిన కళాకారులతో సమానముగా దక్షిణయు శాలువయు ఇప్పింపవలసినదని మేము కార్యవర్గమునకు రెండు మాసముల క్రిందట విజ్ఞాపనము వ్రాసితిమి. ఖర్చుల పట్టికను కూడ జతపఱచితిమి. పాత అంకమునకు వేషధారణ, మేళము కలిపి అగు ఖర్చుకంటె అది ఎక్కువ కాదు. ఈ వ్యాసము అచ్చునకు పంపు నాటికి సమాధానము రాలేదు.